సున్నా రాలిపోకుండా

కొత్తగా కటింగ్ మిషన్ కొనుక్కుని మా ఇంటికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్ల చేత నేను మొదట కోయించే మాట 'కారం'. పెళ్లిపేర్లూ పువ్వులూ సీతాకోకచిలుకలూ తర్వాత. వంటింట్లో కారం డబ్బా మీద అంటించుకోవడానికి రెండక్షరాల స్టిక్కరు. చూడ్డానికి చిన్న పనే. కానీ అందులో 'ర'కు ఒక కడుపుంది, పక్కన సున్నాకు ఒక కడుపుంది. స్టిక్కరుగా కోసినప్పుడు ఆ రెండు కడుపుల్లోని బొట్టుముక్కల్ని పీకేయాలి, లేకపోతే సున్నా కాస్తా చుక్క అయిపోతుంది. అదే మాటను రంగు కొట్టే అచ్చుగా కోస్తే ఆ బొట్లే రాలిపోకుండా నిలబడాలి, రాలితే అప్పుడూ సున్నా చుక్కే అవుతుంది. మాట అదే, గీత అదే, కత్తి అదే. ఏది పోవాలి, ఏది ఉండాలి అన్నది మాత్రం తలకిందులవుతుంది. ఇది చేతికి తెలిశాక మిగతా పనులు దానివెంట వస్తాయి.

నాకిది మిషన్ నేర్పింది కాదు. మాది ఆదోని. మా నాయన జిన్నింగ్ మిల్లులకు రేకు అచ్చులు కోసేవాడు. దూది నొక్కి బేలు కట్టాక, ఒక్కో బేలు 170 కిలోల లెక్క, దాని మీద మిల్లు పేరు, లాటు నంబరు, బేలు నంబరు నల్లరంగుతో కొట్టాలి. నాయన ఖాళీ నూనె డబ్బా విప్పి, రేకును బండ మీద సాపు చేసి, సుద్దతో అక్షరాలు రాసుకుని, సన్న ఉలి పెట్టి సుత్తితో కొట్టుకుంటూ పోయేవాడు. కాళ్లకు గుచ్చుకుంటాయని తునకలు ఏరడం నా పని. సున్నా దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి నిదానించేది. చుట్టూ కోసేస్తే నడుమ ముక్క ఊడి కిందపడుతుంది. అందుకని రెండు మూడుచోట్ల సన్నగా కోయకుండా వదిలేవాడు. అట్లా వదిలిన చోటును ఆయన 'ఆసరా' అనేవాడు. "కోసేది ఎవురైనా కోస్తారు పాపా, యాడ ఇడిసిపెట్టల్లనో సూసుకో" అని ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు.

1998లో పెళ్లయి కర్నూలు వచ్చాను. మా ఆయనది పాతబస్టాండు దగ్గర రేడియం షాపు. బయటి ఊళ్లవాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. మా దిక్కున బండ్ల మీద అంటించే మెరిసే స్టిక్కరును అందరూ రేడియం అనే అంటారు. అందులో రేడియం ఉండదు, వెలుతురు పడితే తిరిగి వెనక్కి కొట్టే సన్నని గాజుపూసల పొర ఉంటుంది. ఒకప్పుడు చీకట్లో వెలిగే గడియారాల అంకెలకు నిజంగానే రేడియం కలిపిన రంగు పూసేవాళ్లు కాబట్టి ఆ పేరు దీనికి అంటుకుని ఉంటుందని నా ఊహ. మోటారుసైకిలు నంబర్లు, ఆటో వెనక అమ్మానాన్నల పేర్లు, లారీ అద్దం మీద దేవుడి పేరు, అన్నీ మా ఆయన చేత్తోనే కోసేవాడు. స్టీలు స్కేలు, చిన్న కత్తి, అంతే. పై పొర తెగాలి, కింద కాగితం తెగకూడదు. ఆ తూకం ఆయన మణికట్టులో ఉండేది. తర్వాత రెండడుగుల ప్లాటర్ మిషన్ వచ్చింది, చేతికత్తి డ్రాయరులోకి పోయింది. 2009 అక్టోబరు 2న హంద్రీ తుంగభద్రలు ఊరి మీదికి వచ్చినప్పుడు ఆ షాపులో చుట్టలు చుట్టలు రేడియం, మిషన్, అన్నీ బురదలో నానిపోయాయి. ఆ నష్టం గురించి రాయడం మొదలుపెడితే ఈ వ్యాసం చాలదు. మళ్లీ అప్పు చేసి నిలబెట్టుకున్నాము.

అక్షరాలు కోసేవాళ్లకు ఊళ్ల చరిత్ర బోర్డుల మీద తెలుస్తుంది. 2005లో కడప పేరును ఇంగ్లీషులో రాసే తీరు మార్చారు. ఎనిమిది అక్షరాల పాత స్పెల్లింగు పోయి ఆరు అక్షరాలది వచ్చింది. మా చెల్లెలిని ఇచ్చింది కడపకే, అక్కడి దుకాణాల బోర్డులకు మా ఆయన కొన్నాళ్లు ఆ ఆరు అక్షరాలే కోశాడు. పాతదాంట్లో మూసిన కడుపుల అక్షరాలు డీలు రెండు, ఏలు రెండు, పీ ఒకటి. కొత్తదాంట్లో ఏలు మూడు, డీ ఒకటి, పీ ఒకటి. అప్పుడూ అయిదు బొట్లే పీకాలి, ఇప్పుడూ అయిదే. తెలుగులో మాత్రం కడప మూడక్షరాలుగా కదలకుండా కూర్చుంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయి నంద్యాల వేరు జిల్లా అయినప్పుడు 'కర్నూలు జిల్లా' అన్న చోటల్లా 'నంద్యాల జిల్లా' అంటించే పని కొన్ని నెలలు దొరికింది.

కానీ షాపుకు అన్నం పెట్టింది నంబరు ప్లేట్లు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటును కంపెనీయే ఇచ్చి, డీలరు బిగించి ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. దొంగబండ్లను పట్టుకోవడానికి అది మంచిదే, కాదనను. మా గల్లాపెట్టెలో మాత్రం ఆ నెల నుంచే తేడా తెలిసింది. అప్పటికే బ్యానర్లు ఫ్లెక్సీలకు పోయాయి. మిగిలింది పెళ్లిమండపాల థర్మాకోల్ అక్షరాలు, వేడి తీగతో కోసేవి. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధంలో అలంకరణ థర్మాకోల్ కూడా చేరింది. మండపాల వాళ్లు "అక్కా, అట్టతో అయితదా?" అని అడగడం మొదలుపెట్టారు. నేను ఇంట్లో చిన్న కటింగ్ మిషన్ పెట్టుకుని అప్పటికి ఏడాదిన్నర. ఆ ప్రశ్నతో అది సరదా సామాను కాకుండా నా పనిముట్టు అయింది.

ఇంట్లో పెట్టుకునే ఈ మిషన్లలో మన దగ్గర ఎక్కువగా వినిపించే పేర్లు క్రికట్, సిల్హౌట్. రెండూ అమెరికాలో యూటా రాష్ట్రం నుంచి వచ్చినవే. సిల్హౌట్ వెనక ఉన్నది జపాన్‌కు చెందిన గ్రాఫ్‌టెక్, ప్లాటర్లు చేసే కంపెనీ. బ్రదర్ వాళ్లది ఇంకొకటుంది. షాపులో ప్లాటరు చుట్ట నుంచి స్టిక్కరును లాక్కుంటుంది, దానికి చుట్టగా వచ్చే సరుకే పనికొస్తుంది. ఇంటి మిషన్‌కు పన్నెండంగుళాల జిగురు చాప ఉంటుంది. ఆ చాప మీద పరిచి నొక్కగలిగినది ఏదైనా, కాగితం, అట్ట, పలుచటి గుడ్డ, దాని ముందు పెట్టవచ్చు. తేడా అంతా ఆ చాపలోనే ఉంది. నేను కొన్నప్పుడు చాపలు, కత్తులు, అన్నీ కలిపి 30 వేల దాకా అయింది. మా ఆయన ఏమీ అనలేదు గానీ రెండు రోజులు దాన్ని విప్పకుండా చూస్తూ కూర్చున్నాడు.

మళ్లీ 'కారం' దగ్గరికి వస్తాను. స్టిక్కరు మందం మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు. కత్తి అంతమేరే దిగాలి. కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు ఒకటే, తెగలేదేమోనన్న భయంతో కత్తిని ఎక్కువ దించడం. కింద కాగితం కూడా తెగిపోతే అక్షరాన్ని ఎత్తడానికి పట్టు దొరకదు, చాప మీద గాటు పడుతుంది, కత్తి మొన మొద్దుబారుతుంది. నా మిషన్‌లో మామూలు వినైల్‌కు కత్తి అంకె 1 చాలు. 200 జి.ఎస్.ఎం. అట్టకు 3, 4 దాకా పోతాను. అంకెలు మిషన్‌కొక రకం, కత్తి పాతబడేకొద్దీ అవీ మారతాయి. అందుకని ప్రతిసారీ మూలన వేలిగోరంత చతురం ఒకటి కోసి చూడమంటాను. పై పొర సులువుగా లేచి, కింద కాగితం మీద గోరుతో రుద్దితే తగిలీ తగలనంత గీత కనిపిస్తే సరిపోయినట్టు. ఆ చతురం కోయడానికి అరనిమిషం పట్టదు. అది వదిలేసి మీటరు స్టిక్కరు పాడుచేసుకున్నవాళ్లు నాకు బాగా తెలుసు.

తర్వాత పీకడం. సన్న కొక్కెంతో అక్షరం చుట్టూ ఉన్న అక్కర్లేని స్టిక్కరును మూలనుంచి, పైకి కాకుండా వెనక్కి మడుచుకుంటూ లాగాలి. 'ర' కడుపులో ఒకటి, సున్నా కడుపులో ఒకటి. ఆ తర్వాత ట్రాన్స్‌ఫర్ టేపు వేసి, పాత ఏటీఎం కార్డుతో రుద్ది, ఎత్తి, డబ్బా మీద దించి, మళ్లీ రుద్ది టేపు తీయడం. స్టీలు డబ్బాకు నూనె జిడ్డు ఉంటే రెండోరోజే మూలలు లేస్తాయి కాబట్టి ముందు సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. గాజు మీద అయితే రేడియం షాపు పద్ధతి, సబ్బునీళ్లు చిలకరించి అంటించి, లోపలి నీళ్లు, గాలి కార్డుతో బయటికి తోసేయడం.

ఈ పనికి మా ఊరి ఎండ ఒక పాఠం. ఉగాది దాటాక మధ్యాహ్నం గదిలో జిగురు మెత్తబడి స్టిక్కరు కాగితానికి అతుక్కుపోతుంది, పీకితే సాగి అక్షరం వంకరపోతుంది. ఫ్యాను వేస్తే బొట్లు ఎగిరి అక్షరాల మీదే పడతాయి. వేయకపోతే నుదుటి చెమట కాగితం మీద పడుతుంది. అందుకే మే నెలలో నా పని తెల్లవారి నాలుగున్నర నుంచి ఏడున్నర దాకా, మళ్లీ రాత్రి. దుమ్ము ఇంకొక శత్రువు. జిగురు చాప వారానికే బోసిపోతుంది. గోరువెచ్చని నీళ్లు, నాలుగు చుక్కల పాత్రల సబ్బు, మెత్తటి బ్రష్షు, నీడలో ఆరబెట్టడం. చాపకు చాలావరకు పట్టు తిరిగి వస్తుంది. కోత నడుమ కరెంటు పోతే మాత్రం మిషన్ తానెక్కడుందో మరిచిపోతుంది, ఆ ముక్క పోయినట్టే. ఇన్వర్టరు లేని ఇంట్లో గంటసేపు కోసే డిజైను పెట్టుకోవద్దని చెప్తాను.

ఇప్పుడు నేను ఎక్కువసేపు మాట్లాడే విషయం, తెలుగక్షరం. కంపెనీలవాళ్లు ఇచ్చే డిజైన్లన్నీ ఇంగ్లీషువి. ఆ భాషలో విడిగా ఊడిపోయే ముక్క చిన్న బడి అక్షరాల్లో ఐ మీద చుక్క, జే మీద చుక్క, అంతే. మనకు? ప, స, హ మీద తలకట్టు ఒంటికి అంటకుండా పైన తేలుతుంటుంది. ఒత్తులు చాలా ఫాంట్లలో కింద విడిగా వేలాడతాయి. 'ఠ' లోపల బొట్టు ఉంటుంది. స్టిక్కరుకు ఇదేమీ ఇబ్బంది కాదు, టేపు అన్నింటినీ కలిపి మోస్తుంది. కానీ అట్టలో పేరును ఒకే ముక్కగా కోసి కేకు మీద గుచ్చాలన్నా, గుమ్మానికి దారంతో వేలాడదీయాలన్నా తలకట్లు, ఒత్తులు చాప మీదే మిగిలిపోతాయి. నేను మొదటిసారి 'స్వాగతం' కోసినప్పుడు వ ఒత్తు ఎక్కడ పోయిందో చాపంతా వెతికాను.

దీనికి విరుగుడు రెండు రకాలు. ఒకటి, అక్షరాలను ఒకదానిలోకి ఒకటి కొంచెం జరిపి, తలకట్టును ఒంటిమీదికి దించి, ఒత్తును పైకి తోసి, అన్నీ తాకేలా చేసి కలిపేయడం. కలపకుండా కోస్తే అక్షరం అక్షరంలోకి దూరిన చోట కూడా కత్తి గీత గీస్తుంది, పేరు ముక్కలవుతుంది. రెండోది, అడుగున ఒక కడ్డీలాంటి పట్టీ వేసి దాని మీద అక్షరాలన్నీ నిలబెట్టడం. అది నాయన ఆసరాయే. పేరు చదవడానికి అడ్డం రాకుండా ఆ పట్టీని తీగలాగా, ఆకుతోరణంలాగా చేయవచ్చు.

నేను ఈ పని ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేరులో చేస్తాను. అది ఉచితం, తెలుగు ఒత్తులు చెదరకుండా చూపిస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో 'స్వా' టైపు చేస్తే ఒత్తు పొల్లుగా మారి పక్కన పడుతుంది. అక్షరాలను గీతలుగా మార్చి, కలిపి, డి.ఎక్స్.ఎఫ్. ఫైలుగా దాచుకుంటే సిల్హౌట్ ఉచిత సాఫ్ట్‌వేరు కూడా తెరుస్తుంది. ఫాంట్ల సంగతికి వస్తే, పెళ్లిపత్రికల షాపుల నుంచి వచ్చే ఫైళ్లు ఎక్కువగా అను ఫాంట్లలో ఉంటాయి, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే గజిబిజి గీతలు కనిపిస్తాయి. యూనికోడ్‌లో అందరికీ ఉచితంగా దొరికే రామభద్ర, మల్లన్న, సూరన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి లాంటి ఫాంట్లున్నాయి. కొత్తవాళ్లకు నేను రామభద్ర ఇస్తాను, ఒళ్లు లావుగా ఉండి అట్టలో విరగదు. సన్నగీతల ఫాంట్లు కళ్లకు అందంగా ఉంటాయి, కానీ రెండంగుళాల అక్షరంలో సున్నా గోడ దారమంత సన్నమైతే ఎత్తేటప్పుడే తెగుతుంది.

గుడ్డ సంచి రెండో పని. మా దిక్కు పెళ్లిళ్లలో తాంబూలం సంచుల మీద పేర్లు వేయించడం ఇప్పుడు మామూలైంది. వేడికి అంటుకునే వినైల్‌ను మెరిసే వైపు చాపకు ఆనించి, బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిప్పి కోయాలి. ఆ తిప్పడం మరిచి ఒకసారి పన్నెండు సంచులకు పేర్లు కోసేశాను. మొదటి సంచి మీద ఇస్త్రీపెట్టె పెట్టి ఎత్తాక చూస్తే పెళ్లికూతురి పేరు తలుపుకు అవతల నుంచి చదివినట్టుంది. పెళ్లి మర్నాడే. రాత్రంతా కూర్చుని మళ్లీ కోశాను. అప్పటినుంచి కోసే ముందు తెర మీద పేరు సరిగ్గా చదవగలిగితే ఆపేయాలి, తిరగబడి కనిపిస్తేనే బటను నొక్కాలి అని మిషన్ మీదే చీటీ అంటించుకున్నాను. ఇస్త్రీపెట్టెలో నీళ్లుండకూడదు. నూలు గుడ్డ అంకె దగ్గర పెట్టి, పదిహేను సెకన్లు అదిమి ఎత్తాలి తప్ప ఇటూ అటూ జరపకూడదు.

సంక్రాంతి ముందు అందరూ అడిగేది ముగ్గు అచ్చు. ఇక్కడే నేను చాలాకాలం ఓడిపోయాను. పద్మం ముగ్గు సులువు, రేకకు రేక మధ్య ఆసరా వదిలితే చాలు. మెలికల ముగ్గు అట్లా కాదు. చుక్కల చుట్టూ తిరిగి తిరిగి గీత మొదలైన చోటుకే వస్తుంది. దాన్ని కోస్తే లోపలున్నదంతా గంపగుత్తగా ఊడిపడుతుంది. ఆసరాలు పెట్టుకుంటూ పోతే ముగ్గు తెగతెగి కనిపిస్తుంది, మెలిక అందమే పోతుంది.

దారి నిమ్మలకుంటలో దొరికింది. ధర్మవరం దగ్గర ఊరు, తోలుబొమ్మలకు పేరు. ఆ కళకే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒక పెళ్లికి ధర్మవరం పోయినప్పుడు ఆ ఊరు వెళ్లి కూర్చున్నాను. మేకతోలు పలుచగా చేసి, దాని మీద నగలు, చీర అంచు, కిరీటం గీసి, ఆ గీతలను కోయరు, వాటి వెంబడి సన్న చిల్లులు కొడతారు. వెనక దీపం పెడితే చిల్లులన్నీ కలిసి గీతలాగా వెలుగుతాయి. తోలు మాత్రం ఎక్కడా తెగదు. చిల్లికీ చిల్లికీ నడుమ మిగిలిన తోలే ఆసరా. ఇంత కాలం నేను గీత కోయాలని చూశాను, చిల్లులు కొట్టాలని తోచలేదు. ఇంటికొచ్చి మెలికల ముగ్గును రెండు మిల్లీమీటర్ల చుక్కల వరసగా మార్చి, పలుచటి ప్లాస్టిక్ షీటు మీద కోసి, పైన ముగ్గుపిండి జల్లి చేత్తో పరిచాను. ఎత్తి చూస్తే చుక్కల మెలిక నేల మీద చెదరకుండా ఉంది. ఆ ఏడు వీధిలో తొమ్మిది ఇళ్లకు అవే అచ్చులు పోయాయి.

జపాన్ వాళ్లు ఇదే చిక్కును ఇంకోలా విప్పారు. కిమోనో గుడ్డల రంగుల పనికి వాళ్లు కటగామి అనే కాగితపు అచ్చులు కోసేవాళ్లు, మల్బరీ జాతి చెట్టు నారతో చేసిన కాగితానికి ఒక రకం పండు వగరు రసం పట్టించి గట్టిచేసి. విడిగా తేలే ముక్కలు కదలకుండా రెండు పొరల నడుమ సన్నటి పట్టుదారాలు వలలా పరిచేవాళ్లు. పైన పూసింది దారం పక్కనుంచి దిగిపోతుంది, ముక్క నిలబడిపోతుంది. ఆ సంగతి తెలిశాక నేను కూడా కొన్ని అచ్చులకు వెనక పాత దోమతెర అతికిస్తున్నాను. స్పాంజితో గోడ రంగు కొట్టడానికి అది చక్కగా పనికొస్తుంది. ముగ్గుపిండికి పనికిరాదు, రంధ్రాలు పూడుకుపోతాయి.

మా వీధిలో ఒక ఆపా రంజాన్‌కు ఇల్లు అలంకరించుకుంటానని నేర్చుకోవడానికి వచ్చింది. మనుమరాలి పేరు ఉర్దూలో కోయాలని ఆమె ఆశ. ఉర్దూ అక్షరాలు చాలావరకు ఒకదానితో ఒకటి చేతులు పట్టుకుని నడుస్తాయి, అక్కడ మనకన్నా వాళ్లకు సుఖం. చుక్కలు మాత్రం ఎక్కడికక్కడ విడి. "ఇన్ని చుక్కలు యాడ తగిలించేది బేటా?" అని ఆమె తల పట్టుకుంది. పేరు మొత్తం ఒక చంద్రవంక లోపల పెట్టి, చుక్కలను చంద్రవంక అంచు నుంచి మొలిచిన సన్న కొమ్మలకు పూలలాగా తగిలించాము. పండగ రోజు సేమ్యా గిన్నెతో వచ్చి, వాళ్ల గుమ్మం దగ్గర దాన్ని చూసి ఇంకో ముగ్గురు అడిగారని చెప్పింది. ఆ ముగ్గురికీ ఆమే కోసిచ్చింది, నేను చెయ్యి పెట్టలేదు.

స్టిక్కరు కూడా ప్లాస్టికే. వినైల్ అంటే పి.వి.సి. ఒక్క పూట పండగకు దాన్ని వాడటం నాకు ఇష్టం లేదు. థర్మాకోల్ పోయి ఆ స్థానంలో ఇది చెత్తకుప్పకు చేరితే మనం చేసిందేముంది? డబ్బా మీద, బండి మీద, తలుపు మీద ఏళ్లపాటు ఉండేదానికి స్టిక్కరు. వినాయకచవితి, పుట్టినరోజు, మండపం, వీటికి అట్ట. పెళ్లిపత్రికల షాపుల్లో అంచులు కోసేయగా మిగిలిన మంచి అట్ట కిలోల లెక్కన దొరుకుతుంది. నేను నేర్చుకునేవాళ్ల చేత మొదటి నెలంతా ఆ ముక్కల మీదే కోయిస్తాను, కొత్త అట్ట కొననివ్వను. పి.వి.సి.ని కత్తితో కోస్తే ఏమీ కాదు, లేజర్ మిషన్‌లో పెడితే మాత్రం క్లోరిన్ కలిసిన పొగ వస్తుంది, మనిషికీ మిషన్‌కూ చేటు. రెండు మిషన్లూ ఒకటే అనుకుని అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టి ఇది ఇక్కడ చెప్పాను.

ధర సంగతి. ఇంటి నుంచి ఈ పని చేసే ఆడవాళ్లు కాగితం, స్టిక్కరు ఖరీదు వేసుకుని, పీకే గంటలు వదిలేస్తారు. మిషన్ కోసేది పది నిమిషాలు, పీకడానికి ముప్పావుగంట. ఆ ముప్పావుగంటకు కూలి వేసుకోండి అని నేను గట్టిగా చెప్తాను. ఇంకొకరు గీసిన బొమ్మను ఫోనులో నుంచి దించి అమ్ముకోవద్దనీ చెప్తాను. మన కర్నూలు బురుజు ఉంది, మన ముగ్గులున్నాయి, మన గీత మనం గీసుకోవచ్చు.

కడపలో చెల్లెలి ఇంటికి రెండు నెలలకొకసారి పోయి అక్కడ నలుగురైదుగురికి నేర్పుతాను. బస్సు నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా పోతుంది. ఆళ్లగడ్డ దాటేటప్పుడు శిల్పులు రాళ్లు చెక్కే చప్పుడు బస్సులోకి వినిపిస్తుంది, నేను కిటికీ పక్క సీటు కోసం కొట్లాడేది అందుకే. పోయినసారి చెల్లెలి ఇంటికి జమ్మలమడుగు నుంచి డిగ్రీ చదివే పిల్ల ఒకతె వచ్చింది. గండికోట చేయాలంది, పొరలు పొరలుగా, ఫ్రేములో. నేను మొదట వద్దనే అనబోయాను, కొత్తపిల్లకు పొరల పని కష్టం. కానీ గండికోట చూసినవాళ్లకు తెలుసు, పెన్నకు రెండు పక్కలా ఆ కొండ ఎవరో అట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టే ఉంటుంది. పొరల కాగితానికి ఇంతకన్నా తగిన చోటు మన సీమలో లేదు.

ఏడు అట్టలు తీసుకుంది. ఎరుపు, ఇటుక రంగు, మట్టి రంగు, లేతది వెనక్కి, ముదురుది ముందుకి. ఒక్కో అట్టలో లోయ కొంచెం కొంచెంగా వెడల్పవుతుంది. అట్టకూ అట్టకూ నడుమ రెండు మిల్లీమీటర్ల ఫోము టేపు, నీడ పడటానికి. పని సగంలో ఉండగా ఏరు ఏ రంగు అట్టతో కోస్తావని అడిగాను. "ఏరు కోయడం ల్యా అత్తా, వదిలేస్తా ఉండా" అంది. వెనక అట్ట తీసి పలుచటి ట్రేసింగ్ కాగితం పెట్టి, దాని వెనక చిన్న ఎల్‌ఈడీ పట్టీ అంటించింది. దీపం వేస్తే లోయ అడుగున ఏరు వెలిగింది. ఆ ఫ్రేమును మా చెల్లెలు తన ఇంట్లో పెట్టుకుంటానని అడిగితే ఆ పిల్ల ఇవ్వలేదు, వాళ్ల నాన్నకట.

నాయనకు ఇప్పుడు డెబ్బై ఎనిమిది. చూపు మందగించింది, ఆదోని నుంచి తెచ్చి మా దగ్గరే పెట్టుకున్నాము. మిషన్ కోసే చప్పుడు వింటూ పక్కన కుర్చీలో కూర్చుంటాడు. మొన్న ఒక రైస్ మిల్లువాళ్లు సంచుల మీద కొట్టడానికి అచ్చు కావాలంటే ప్లాస్టిక్ షీటు మీద 'కర్నూలు సోనా' అని కోశాను, చివర బరువు కోసం 'కిలోలు 25', కింద 'నికరం' అని. కోసిన షీటు ఆయన చేతికిచ్చాను. కళ్లకు దగ్గరగా పెట్టుకోలేదు. బొటనవేలు అక్షరాల మీద నడిపించుకుంటూ పోయి, 'ర' దగ్గర ఆగి, సున్నా దగ్గర ఇంకొంచెం ఎక్కువసేపు ఆగి, చుట్టూ తడిమాడు.

"రెండే పెట్టినావు. బ్రష్షుతో కొడ్తారు గదా వాళ్లు, మూడు పెట్టు" అన్నాడు.

ఫైలు తెరిచి మూడోది పెట్టి మళ్లీ కోశాను.